కుడివైపు మోగింది

మా అత్తగారు చాలా ఏళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసి తిరిగొచ్చారు. ఏటి నడుమ మా లంకలో ఆమె వయసు ఆడవాళ్లు సగం మంది అలా వెళ్లొచ్చినవాళ్లే కాబట్టి అదేం వింత కాదు. వెళ్లొచ్చినవాళ్లు ఇంటికి స్లాబు వేయిస్తారు, చెవులకి ఏదైనా చేయించుకుంటారు. మా అత్తగారు ఆవును కొన్నారు. అక్కడ పొడిపాలు కలిపి టీ కాచుకున్న ప్రతిసారీ, ఇంటికెళ్లాక సొంత ఆవు పాలతో కాచుకుంటాననుకునేవారట. దాన్ని తోలుకొచ్చిన రోజున పాకలోనే కూర్చుని మొదటి గ్లాసు తాగారు.

అది జెర్సీ సంకరం. లేత గోధుమరంగు, కళ్ల చుట్టూ మాత్రం నల్లగా కాటుక పెట్టినట్టు ఉండేది. పేరేమీ పెట్టలేదు గాని ఆమె దాంతో సగం అరబ్బీలో మాట్లాడేవారు. "తాల్, తాల్" అంటే తల తిప్పి వచ్చేది. "యల్లా" అంటే కదిలేది. తెలుగులో పిలిస్తే వినిపించనట్టు నిలబడేది. నేను పిలిచినా పలికేది కాదు. ఆదివారం చర్చి నుంచి రాగానే మంచి చీర మార్చుకోకుండానే ముందు పాకలోకి వెళ్లేవారు ఆమె. మా ఆయన నవ్వేవారు, "అమ్మకి నేను పెద్దకొడుకుని, అది చిన్నకూతురు" అని.

నేను అమలాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. ఆపరేషన్ థియేటర్లో పని. మా ఆయన కొబ్బరికాయల లోడు వేసుకుని వ్యాను నడుపుతారు. లంక నుంచి అవతలికి వెళ్లాలంటే ఎండాకాలంలో కాజ్‌వే ఉంది, వరదొస్తే అది మునుగుతుంది, అప్పుడు పడవే గతి. ప్రతి ఏడాదీ ఉండేదే. వరద రోజుల్లో నేను ఆస్పత్రికి ఫోన్ చేసి రాలేనని చెప్తాను, వాళ్లు సరే అంటారు.

ఆ శ్రావణంలో ఆవు ఈనింది. పెయ్యదూడ. సరిగ్గా అప్పుడే ఎగువన నీళ్లు వదిలారు. అత్తగారు జున్ను వండి, గిన్నెల్లో పోసి, చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, పాదాలు మునిగే నీళ్లలో నడిచి ఇరుగుపొరుగుకి పంచి వచ్చారు. ఆమె ఇంటికి చేరేసరికి కాజ్‌వే మునిగిందని కబురొచ్చింది. మా ఆయన వ్యానుతో అవతలే ఉండిపోయారు.

మా ఇల్లు మెరక మీద ఉంటుంది. పశువుల పాక ఇంకొంచెం ఎత్తు. మా దాకా నీళ్లు రావు. కాని మేత వేసిన పల్లమంతా మునిగింది. పచ్చగడ్డి కనపడకుండా పోయింది. వరిగడ్డి కుప్ప కింది సగం నానిపోయి బూజు వాసన కొట్టింది. బాలింత ఆవుకి ఏం పెట్టాలి? అత్తగారు నూకలు ఉడకబెట్టి, తౌడు కలిపి, బెల్లం వేసి గోలెం నిండా పోశారు. అది గోలెం అడుగుదాకా నాకేసింది.

"చూసేవా ఎలా తాగేసిందో! ఆకలి మీద ఉందమ్మా పాపం," అన్నారు. మర్నాడు ఇంకొంచెం ఎక్కువ వండారు.

తర్వాత ఒక ఉదయాన గోలెం అలాగే ఉండిపోయింది. మూతి ముంచి, ఎత్తి, పక్కకి తిరిగింది. ఎండుగడ్డి మాత్రం రెండు పోచలు నమిలింది. పాలు సగానికి తగ్గాయి. అత్తగారు వాము, ఇంగువ, ఉప్పు నూరి ముద్ద చేసి నోట్లో పెట్టారు. అజీర్తి అనుకున్నాం. మా అందరికీ వచ్చే అజీర్తే దానికీ వచ్చిందనుకున్నాం.

ఆ మర్నాటికి అది నెమరు వేయడం మానేసింది. ఆవు నెమరు మానేస్తే పాక ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. వీపు కాస్త పైకి వంచి నిలబడింది. వేసిన పేడ అరచేతిలో పట్టేంతే ఉంది. నల్లగా, జిగటగా, తారులా ఉంది. అత్తగారు దాన్ని వేళ్లతో నలిపి వాసన చూశారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "డాక్టరమ్మకి ఫోన్ చెయ్యమ్మా," అన్నారు.

పశువుల డాక్టరమ్మ నంబరు మా లంకలో పాడి ఉన్న ప్రతి ఇంట్లో ఉంటుంది. చిన్నవయసు. మా వైపు వచ్చి ఏడాది కూడా అయి ఉండదు. వీడియో కాల్ ఎత్తారు. నేను ఫోన్ ఆవు ముందు, వెనక, పక్కన తిప్పి చూపించాను. కళ్లు చూపించమన్నారు. లోపలికి పోయి ఉన్నాయి. చెవులు పట్టుకుని చూడమన్నారు. చల్లగా ఉన్నాయి.

"సిస్టర్ గారూ, మీరు నర్సు కదండీ? ఇంట్లో స్టెత్ ఉందా?"

"ఉందండి. బ్యాగులో ఉంది."

"తీసుకురండి. ఒక పని చేద్దాం. ముందు ఎడమవైపు. చివరి పక్కటెముకల మీద స్టెత్ ఆనించి, దాని పక్కనే వేలితో గట్టిగా కొట్టండి. క్యారమ్స్ కాయని కొడతాం చూడండి, అలాగ. ఏం వినిపిస్తుందో చెప్పండి."

ఫోన్ అత్తగారికి ఇచ్చి పట్టుకోమన్నాను. ఎడమవైపు ఆనించి కొట్టాను. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు మొద్దుగా ఉంది. పైన కొట్టాను, కింద కొట్టాను. అంతే.

"ఏమీ లేదు మేడం. మామూలుగా ఉంది."

"ఆయ్. ఇప్పుడు అటు రండి."

కుడివైపుకి వెళ్లాను. ఆనించాను. కొట్టాను.

టింగుమంది.

ఖాళీ ఇత్తడి బిందెలో రూపాయి బిళ్ల జారవిడిచినట్టు, లోపల ఎక్కడో దూరంగా, శుభ్రంగా, స్పష్టంగా మోగింది. మనుషుల పొట్టల మీద స్టెత్ పెట్టి ఎన్నో విన్నాను. గుడగుడలు విన్నాను, ఏమీ వినిపించని పొట్టలూ చూశాను. ఇలాంటిది ఎప్పుడూ వినలేదు. నిజం చెప్పాలంటే, అదేమిటో తెలియని ఆ ఒక్క క్షణం, ఎంత బాగుందో అనుకున్నాను. మళ్లీ కొట్టాను. మళ్లీ మోగింది. చివరి ఎముకల నుంచి వెనక డొక్కదాకా ఎక్కడ కొట్టినా మోగుతూనే ఉంది.

"మోగుతుంది మేడం. గంటలాగ."

అవతల నుంచి మాట రాలేదు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాను. అత్తగారు ఫోన్ పైకెత్తి ఆకాశం వైపు పెట్టారు.

"కుడివైపేనాండీ?" అని వినిపించింది అప్పుడు.

"కుడివైపే."

"మీ కుడి కాదండి, ఆవు కుడి. తోక దగ్గర నిలబడి, దాని తల వైపు చూసి చెప్పండి."

తోక దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. థియేటర్లో ఎడమ, కుడి తప్పుగా రాయకూడదని జూనియర్లకి చెప్పేదాన్ని నేనే. ఆవు తల వైపు చూశాను. నా కుడిచేతి వైపే అది మోగింది. అయినా మళ్లీ రెండు వైపులా కొట్టి చూశాను, ఈలోగా ఎడమకి మారుతుందేమోనన్నట్టు.

"ఆవు కుడివైపే మేడం."

గుండె ఎలా కొట్టుకుంటుందో లెక్కపెట్టమన్నారు. పెట్టి చెప్పాను. ఆ అంకె మనిషిదైతే నేను అప్పటికే పని వదిలేసి డాక్టరు కోసం పరుగెత్తి ఉండేదాన్ని.

"ఫోన్ మీ చెవి దగ్గర పెట్టుకోండి సిస్టర్," అన్నారామె. స్పీకరు తీసేశాను. ఆమె చెప్పింది ఇది. ఆవుకి లోపల నాలుగు పొట్టలు. నాలుగోది కిందుగా, నేలకి దగ్గరగా ఉంటుంది. ఈనాక కడుపులో దూడ ఉన్న చోటంతా ఖాళీ అవుతుంది. అదే సమయంలో ఆ నాలుగో పొట్ట బద్ధకించి, గాలి నింపుకుని, బుడగలా పైకి తేలుతుంది. ఎడమవైపు తేలితే కాస్త సమయం ఉంటుంది. ఆవుని పడుకోబెట్టి దొర్లించి దించవచ్చు. కుడివైపు తేలితే అది మెలిపడుతుంది. రెండు వైపులా దారి మూసుకుపోతుంది, రక్తం ఆగిపోతుంది. పొట్ట కోసి, చేత్తో తిప్పి, మళ్లీ కుట్టాలి. వేరే దారి లేదు.

"ఎప్పటిలోగా మేడం?"

"ఇవాళే అండీ. ఇప్పుడే అయితే ఇంకా మంచిది."

నేను అత్తగారి వైపు చూశాను. ఆమె ఆవు గంగడోలు నిమురుతూ నా మొహం చూస్తున్నారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన వెంటనే వ్యాను వేసుకుని డాక్టరమ్మని ఎక్కించుకుని అవతలి రేవుకి వచ్చారు. ఇటువైపు పడవ నడిపే ఆయన మా ఆయనకి బాబాయి వరస. మేమంతా పడవ బాబాయి అంటాం. ఆయన ఇంజను పడవ తీసుకుని బయల్దేరారు. నేను గొడుగు పట్టుకుని రేవులోకి వెళ్లి నిలబడ్డాను.

అప్పటికే ఏరు రంగు మారింది. ఎర్రమట్టి నీళ్లలో చెట్ల మొదళ్లు, గుర్రపుడెక్క దిబ్బలు తిరుగుతూ పోతున్నాయి. బాబాయి పడవ సగం దూరం పోయింది, పక్కకి కొట్టుకుపోయింది, మళ్లీ సర్దుకుంది, ఎలాగో అవతలి గట్టుకి ఆనింది. ఆ తర్వాత ఎంతసేపటికీ అది కదలలేదు. ఫోన్ మోగింది. మా ఆయన.

"నీళ్లు ఇంకా పెరుగుతున్నాయంట. రెవెన్యూవాళ్లు పడవలు ఆపేసేరు. ఎవర్నీ ఎక్కించొద్దంటున్నారు."

"డాక్టరు గారని చెప్పేరా?"

"చెప్పేను. మనుషుల డాక్టరైతే పైవాళ్లని అడుగుతామన్నారు. ఆవుకంటే... వాళ్లు మాత్రం ఏం చేస్తారు? పడవ మునిగితే వాళ్ల మెడకి చుట్టుకుంటుంది." కాసేపాగి, "ఎర్ర గొడుగు నీదేనా?" అన్నారు.

"నాదే."

"కనిపిస్తున్నావు. చెయ్యి ఊపు."

ఊపాను. అవతలి గట్టు మీద చీమల్లా ఉన్న మనుషుల్లో ఒకరు చెయ్యెత్తారు. ఆ పక్కన తెల్లకోటు కాబోలు, తెల్లగా ఇంకొకరు. ఆమె చేతిలో పెట్టె ఉండి ఉంటుంది. అందులో కత్తి, దారం, మత్తుమందు అన్నీ ఉండి ఉంటాయి. నాకు కనిపిస్తున్నంత దూరంలోనే ఉన్నాయవి. అలా ఎంతసేపు నిలబడ్డామో, వాళ్లు అక్కడ, నేనిక్కడ. ఒకరినొకరు చూసుకోవడం తప్ప చేసేదేమీ లేదు. చివరికి బాబాయిని ఒక్కణ్ణే వెనక్కి పంపారు. డాక్టరమ్మ ఎక్కలేదు.

ఇంటికొచ్చేసరికి ఆవు ఇంకా నిలబడే ఉంది. కుడి డొక్క ఇప్పుడు కంటికి కనిపించేంత ఉబ్బింది. పళ్లు కొరుకుతోంది. అది నొప్పికి చేసే చప్పుడని నాకెవరూ చెప్పనక్కర్లేదు. దూడ పొదుగు దగ్గరికి వెళ్లి పొడిచినా కాలు కదపలేదు. అత్తగారు దూడని లాగి వేరే గుంజకి కట్టి నా దగ్గరికి వచ్చారు.

"మీ ఆస్పత్రిలో పేగు మెలిపడినోళ్లు వస్తారు కదమ్మా. నువ్వు చెప్పేవోసారి."

"వస్తారు అత్తయ్యా."

"కోసి సరిచేస్తారన్నావు."

"ఆయ్."

"నువ్వు పక్కనే ఉంటావు కదా. అన్నీ నువ్వే అందిస్తావంట కదా. చూసే ఉంటావు."

ఆమె ఎక్కడికి వస్తున్నారో నాకర్థమైంది. "చూసేను. చెయ్యలేదు," అన్నాను.

"నువ్వు చేస్తే నేను తల పట్టుకుంటాను. నా మాట వింటది అది. నువ్వేం చేసినా కదలకుండా నేను చూస్తాను కదా."

"అత్తయ్యా, మత్తిచ్చే మందు లేదు. కుట్టే దారం లేదు. ఎంత లోతు కొయ్యాలో, లోపల ఏది ఏదో నాకు తెలీదు. నొప్పితో చంపేస్తాను."

"డాక్టరమ్మ ఫోన్లో చెప్తాది."

ఆ మాటకి నేను నిజంగానే ఫోన్ చేశాను. అడగడానికి నోరు రాలేదు గాని అడిగాను. డాక్టరమ్మ చాలా మెత్తగా, "వద్దండి. నేనే మూడుసార్లు ఆలోచించుకుని చేసే పని అది. మీరు చెయ్యకండి సిస్టర్," అన్నారు. అత్తగారు స్పీకరులో అది విన్నారు. తలూపారు. కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. నా చేతుల వైపు ఒకసారి చూసి, గిన్నెతో నీళ్లు తెచ్చి ఆవు మూతి తడపడానికి వెళ్లిపోయారు.

సాయంత్రం ఆమె ఆవు పక్కన పీట వేసుకుని, డొక్క మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసుకున్నారు. బయటికి వినిపించేలా చెయ్యడం ఆమెకి అలవాటు. ఆ రోజు పెదాలు మాత్రమే కదిలాయి. నేను కూడా కళ్లు మూసుకున్నాను. నా వేలు ఇంకా నొప్పిగానే ఉంది, అన్నిసార్లు కొట్టినందుకు.

తెల్లారాక నీళ్లు కొంచెం నిలకడ పట్టాయి. ఒక పడవని అనుమతించారని మా ఆయన ఫోన్ చేశారు. ఆవు నిలబడే ఉందా అని అడిగారు. ఉంది అన్నాను. "అయితే వస్తున్నారు," అన్నారు. ఆయనకి చోటు లేదు. లంకలో ఉన్నవాళ్లకి పాల ప్యాకెట్లు, మందులు, బియ్యం సంచుల మధ్య డాక్టరమ్మ ఒక్కరే కూర్చుని వచ్చారు. నారింజరంగు లైఫ్ జాకెట్ వేసుకుని, పెట్టె తలమీద పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో దిగి మా ఇంటికి నడిచారు. ఆమెకి నీళ్లంటే భయమట. "మాది రామచంద్రపురం అండీ, మాకు ఏరు అలవాటు లేదు," అన్నారు. నవ్వబోయి మానేశారు. ఆవుని చూడగానే ఆమె ధ్యాసంతా పనిలోకి వెళ్లిపోయింది. లైఫ్ జాకెట్ విప్పడం కూడా మర్చిపోయారు.

స్టెత్ పెట్టి కొట్టారు. అదే శబ్దం ఆమె చెవుల్లో మోగిందని ఆమె కళ్లే చెప్పాయి. చేతితో పొట్టని లోపలికి నెట్టి వదిలితే లోపల నీళ్లు కుండలో తొణికినట్టు తొణికాయి.

"ఆలస్యమైందండి," అన్నారు అత్తగారితో. "చేసి చూస్తాను. మాట ఇవ్వలేను."

"చెయ్యండమ్మా," అన్నారు అత్తగారు.

నిలబెట్టే చెయ్యాలన్నారు. రెండు గుంజల మధ్య కట్టాం. నేను బ్లేడుతో వెంట్రుకలు తీశాను, మా ఆస్పత్రిలో రోగులకి తీసినట్టే. డాక్టరమ్మ ఆవు తోలు కింద మత్తుమందు వరసగా పొడుస్తూ వచ్చారు. పడవ బాబాయి పలుపు పట్టుకున్నారు. అత్తగారు తల పట్టుకుని, దాని చెవిలో ఏదో అరబ్బీలో చెప్తూనే ఉన్నారు. అది తోలు తెగుతున్నప్పుడు కూడా కదల్లేదు. ఆమె మాట విని కదల్లేదో, కదిలే ఓపిక లేకో తెలియదు.

కోత పెట్టగానే లోపలి నుంచి వచ్చిన వాసన నాకు తెలిసిన వాసన. పేగు చచ్చిన మనుషుల పొట్ట తెరిస్తే వచ్చేదే. నేను మాస్కు లోపల పళ్లు బిగించాను. డాక్టరమ్మ నా వైపు చూశారు.

గాలి పొట్ట కోత నిండా ఉబికి వచ్చింది. సూదికి గొట్టం తగిలించి గుచ్చితే బుస్సుమని చాలాసేపు గాలి పోయింది. ఆవు డొక్క నెమ్మదిగా లోపలికి దిగింది. అత్తగారు అది చూసి, "తగ్గుతుంది, తగ్గుతుంది," అన్నారు. పడవ బాబాయి కూడా "ఆయ్, తగ్గుతుంది వదినా," అన్నారు. డాక్టరమ్మ భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, కళ్లు మూసుకుని వెతుకుతున్నారు. చెమటలు కారుతున్నాయి. నేను గుడ్డతో తుడిచాను. అప్పటికిగాని లైఫ్ జాకెట్ సంగతి తోచలేదు. దాని పట్టీలు వెనక నుంచి నేనే విప్పాను.

"దొరికింది," అన్నారు. భుజం మెల్లగా తిప్పారు. ఆగారు. మళ్లీ తిప్పారు. "తిరిగింది సిస్టర్. మెలి వదిలింది." ఆ పొట్ట అంచుని కోత దగ్గరికి లాగి నాకు చూపించారు. నేరేడుపండు రంగులో ఉంది. కొన్నిచోట్ల ఇంకా నలుపు. మేమిద్దరం వేడి ఉప్పునీళ్ల గుడ్డ దానిమీద కప్పి, రంగు మారుతుందేమోనని చూశాం. మనుషులకైతే అలాగే చేస్తాం. రక్తం మళ్లీ నడిస్తే గులాబీరంగు తిరిగొస్తుంది. గుడ్డ తీసి చూశాం. మళ్లీ కప్పాం. మళ్లీ తీశాం.

"రావట్లేదు," అన్నారు ఆమె, నాకు మాత్రమే వినిపించేలా.

అత్తగారు అటు నుంచి, "అయిపోయిందామ్మా? కుట్టేస్తున్నారా?" అన్నారు.

మేం నోరు తెరిచేలోగా ఆవే చెప్పింది. ముందుకాళ్లు వణికాయి, మడుచుకున్నాయి. ఎంతో నెమ్మదిగా, ఎవరికీ తగలకుండా, ఎడమపక్కకి ఒరిగింది. బాబాయి పలుపు వదిలేశారు. అత్తగారు దాని తలతో పాటే కిందికి వెళ్లి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అది రెండు పెద్ద శ్వాసలు తీసింది. ఇంకొకటి తీయబోయింది. డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని దాని కంటిని వేలితో తాకి చూశారు. చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

దూడ ఒక్కటే అరుస్తోంది. డాక్టరమ్మ చేతి తొడుగులు తీయబోతుంటే అత్తగారు తలెత్తి, "కుట్టమ్మా," అన్నారు.

"పెద్దమ్మగారూ..."

"పోయిందని తెలుసమ్మా. అలా తెరిచి వదిలెయ్యకు. కుట్టెయ్యి."

డాక్టరమ్మ నా వైపు చూశారు. నేను దారం ఎక్కించి ఇచ్చాను. ఆమె లోపలి పొర కుట్టారు, కండ కుట్టారు, పైన తోలు కుట్టారు, ఏదీ దాటవెయ్యకుండా, బతికిన ఆవుకి కుట్టినట్టే. నేను ప్రతి ముడి దగ్గరా దారం కత్తిరించాను. పూర్తయ్యాక పెట్టె మూసేటప్పుడు మాత్రం గొళ్లెం పడక చాలాసేపు తంటాలు పడ్డారు.

తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలనేది ఇంకో కష్టం. లంకంతా నీళ్లు. పడవ బాబాయి సంకోచిస్తూనే, "ఏట్లో వదిలేద్దామా వదినా? వేరే దారి లేదు," అన్నారు. అత్తగారు ఆయన వైపు చూసిన చూపుకి ఆయన తల దించుకుని పార తెచ్చుకున్నారు. ఇంటి వెనక కొబ్బరికాయల రాశి పోసుకునే మెరక ఒక్కటే పొడిగా ఉంది. అక్కడ తవ్వారు. పక్కింటివాళ్లు కూడా వచ్చి చెయ్యి వేశారు. మోకాలి లోతుకే నీళ్లు ఊరాయి. బకెట్లతో తోడారు, తవ్వారు, మళ్లీ ఊరాయి. ఎంత తోడినా అంతే. చివరికి ఆ నీళ్లలోనే దించాల్సి వచ్చింది. సున్నం, ఉప్పు చల్లి మట్టి కప్పారు. అత్తగారు అక్కడికి రాలేదు. పాకలోనే ఉండిపోయారు.

పడవ మళ్లీ సాయంత్రానికిగాని లేదు. డాక్టరు లంకలోకి వచ్చారని తెలిసి మధ్యాహ్నానికి మా వాకిట్లోకి జనం వచ్చారు. మేకకి పొట్ట ఉబ్బిందని ఒకరు, గేదె కాలికి పుండని ఒకరు. ఆమె స్నానం చేసి, నా చీర కట్టుకుని, అన్నం ముందు కూర్చుని ఉన్నారు. రెండు ముద్దలు తిని లేచి వెళ్లారు. మేకకి గొట్టం వేసి గాలి తీశారు. అది లేచి నిలబడి, తోక ఊపుకుంటూ వెళ్లిపోయింది. చిన్న పని. మేకని తెచ్చినావిడ సంతోషం పట్టలేక డాక్టరమ్మ చేతులు పట్టుకున్నారు. ఆ మేక తల పట్టుకున్నది ఎవరనుకున్నారు? మా అత్తగారు. ఎవరూ పిలవలేదు. ఆమే వచ్చి పట్టుకున్నారు.

రేవుకి నడుస్తున్నప్పుడు డాక్టరమ్మ నాతో, "సిస్టర్, మీ దగ్గర ఇలా పోయినప్పుడు ఏం చేస్తారండీ?" అన్నారు.

"తర్వాతి కేసుకి టేబుల్ తుడుస్తాం," అన్నాను.

"నిన్న ఆ గట్టు మీద నిలబడి ఉన్నప్పుడు," అని మొదలుపెట్టి ఆపేశారు. పడవ ఎక్కి, జాకెట్ పట్టీలు బిగించుకుని, రెండు చేతులతో చెక్క పట్టుకుని కూర్చున్నారు. అవతలికి చేరేదాకా వెనక్కి తిరగలేదు.

ఆ తర్వాత అత్తగారు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. నూకలవల్లేనా అని. నాకు తెలియదన్నాను. అప్పటికి నిజంగానే తెలియదు. తర్వాత డాక్టరమ్మని అడిగాను. గడ్డి తక్కువై, నూకలూ తౌడూ ఎక్కువైతే అలా అవ్వొచ్చన్నారు. కాకపోయినా అవ్వొచ్చన్నారు. మంచిమేత తిన్న ఆవులకీ అవుతుందన్నారు. "గడ్డి మునిగిపోతే ఆవిడ మాత్రం ఏం పెడతారండీ?" అన్నారు. ఇందులో ఏ మాటని ఇంటికి తీసుకెళ్లాలో నాకు తోచలేదు. చివరి మాట ఒక్కటే చెప్పాను. అత్తగారు విన్నారు. దూడకి సీసాతో గేదెపాలు పట్టిస్తున్నారు. దాని గొంతు కింద వేలు పెట్టి, పాలు దిగుతున్నాయో లేదో గుటక గుటకకీ చూస్తున్నారు.

నీళ్లు తీసి కాజ్‌వే బయటపడిన రోజున మా ఆయన వచ్చారు. వ్యాను నిండా పచ్చగడ్డి. దారిలో ఎక్కడెక్కడో మెరక పొలాల వాళ్లని అడిగి కోయించుకుని తెచ్చారట. పడవలో చోటు దొరకని ఆ రోజుల్లో ఆయన చేయగలిగింది అదొక్కటేనట. వాకిట్లో గడ్డి దించి, చొక్కాకి అంటిన పోచలు దులుపుకుని, పాక వైపు చూసి నిలబడ్డారు. దూడకి ఇంకా గడ్డి తినే వయసు రాలేదు. కాసేపటికి ఆయనే మోపులు కట్టి, పాడి ఉన్న ఇళ్లకి మోసుకెళ్లి ఇచ్చి వచ్చారు. అన్ని ఇళ్లూ తిరిగేసరికి సాయంత్రమైంది. ఆ మోపుల్లో రెండు నేను కూడా మోశాను.